విలాయతు ఎవరి పుట్టిల్లు?

ఇంగ్లండువాళ్ళు తమ దేశానికి ఒక ముద్దుపేరు పెట్టుకున్నారు. బ్లైటీ. పాస్‌పోర్టుల మీద, పటాల మీద అది కనిపించదు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉండదు. ఏళ్ళ తరబడి పరాయిగడ్డ మీద ఉన్నవాడికి ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు నోటికొచ్చే మాట అది. గ్రేట్ బ్రిటన్ అంటే రాజ్యం గుర్తుకొస్తుంది. బ్లైటీ అంటే సొంత వీధి, ఇంటి పొయ్యి, ఎడతెగని వాన గుర్తుకొస్తాయి.

ఈ మాటకు మూలం ఇంగ్లీషులో వెతికితే దొరకదు. మన ఉత్తరాదిన వాడే 'విలాయతీ' అన్న మాటే తెల్ల సైనికుల నోట నలిగి బ్లైటీ అయింది. విలాయతీ అంటే పరదేశపుది. విలాయతీ గుడ్డ, విలాయతీ మందు, విలాయతీ చదువు. పరాయిదని చెప్పే మాటనే ఇంగ్లీషువాళ్ళు తీసుకెళ్ళి తమ పుట్టింటికి పేరుగా పెట్టుకున్నారు. ఇది ఎలా జరిగిందో నిదానంగా చూడాలి. దేశానికి ముద్దుపేరు ఎవరు పెడతారు, ఎప్పుడు పెడతారు అన్న సంగతి ఈ ఒక్క మాట చరిత్రలోనే చాలావరకు తేలుతుంది.

అరబ్బీలో 'వాలీ' అంటే ఒక ప్రాంతాన్ని ఏలే అధికారి. అతని ఏలుబడిలో ఉన్న ప్రాంతం 'విలాయ'. తుర్కీ సుల్తానుల కాలంలో రాష్ట్రాల పేరు విలాయెత్. అల్జీరియాలో ఈనాటికీ పాలనా విభాగాన్ని విలాయా అంటారు, అఫ్ఘానిస్తాన్‌లో రాష్ట్రాన్ని విలాయత్ అంటారు. ఇంతవరకూ ఈ మాటకు స్వదేశంతోనూ పనిలేదు, పరదేశంతోనూ పనిలేదు. పారశీక భాష వెంట అది మన దేశానికి వచ్చాక సంగతి మారింది. ఇరాన్ నుంచి, మధ్య ఆసియా నుంచి మొగలు కొలువుకు వచ్చినవాళ్ళు తాము విడిచి వచ్చిన దేశాన్ని విలాయత్ అన్నారు. ఇక్కడివాళ్ళకు ఆ మాట 'వాళ్ళు వచ్చిన దూరదేశం' అని వినిపించింది. ఆ అర్థం చాలాకాలం నిలిచింది. 1857 తిరుగుబాటులో ఝాన్సీ రాణి పక్షాన పోరాడిన అఫ్ఘాన్ సైనికులకు విలాయతీలనే పేరు. ఇంగ్లీషువాళ్ళ చేతికి అధికారం వచ్చిన కొద్దీ దూరదేశం అంటే వాళ్ళ దేశమే అయిపోయింది. విలాయతు అంటే ఇంగ్లండు, విలాయతీ అంటే ఇంగ్లండు నుంచి దిగిన సరుకు.

ఆ రోజుల్లో ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు వాడే హిందుస్తానీ, దేశీ మాటలన్నిటినీ హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ అనే ఇద్దరు పెద్ద నిఘంటువుగా కూర్చారు. 1886లో అచ్చయిన ఆ పుస్తకం పేరు 'హాబ్సన్-జాబ్సన్'. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో జడ్జిగా పనిచేసినవాడు, దక్షిణాది లిపుల చరిత్ర మీద మంచి పుస్తకం రాసినవాడు. నిఘంటువు బయటికి రాకముందే 1882లో చనిపోయాడు. అందులో విలాయతు గురించి ఉంది, సోడాను ఇక్కడివాళ్ళు 'విలాయతీ పానీ' అంటారనీ ఉంది. గ్యాసు బుడగలతో సీసాలోంచి పొంగే నీళ్ళు ఓడ దిగి వచ్చినవే అనుకోవడంలో వింతేమీ లేదు.

ఇక తెల్ల సైనికుడి సంగతి. సికింద్రాబాదులో, బళ్ళారిలో, ఉత్తరాది కంటోన్మెంట్లలో ఏళ్ళకేళ్ళు గడిపిన మామూలు సిపాయి ఇంగ్లండులో పేదింటి బిడ్డ. అధికారుల్లాగా అతనికి సెలవు మీద ఓడెక్కే వీలు లేదు. అతని చుట్టూ ఉన్న మనుషులు చాకలి, మంగలి, నీళ్ళు మోసే భిస్తీ, బజారు వ్యాపారి. వాళ్ళందరి నోటా అతని దేశం పేరు విలాయత్, కొన్ని యాసల్లో బిలాయత్. వినీ వినీ అతనూ అదే అనడం మొదలుపెట్టాడు. మాట చూపించే చోటు మారలేదు. చాకలి అన్నా, సిపాయి అన్నా అది సముద్రాల అవతలి ఇంగ్లండే. అనేవాడు మారాడు, అంతే. ఒకరికి అది ఎన్నడూ చూడని దూరదేశం, ఇంకొకరికి ఎప్పుడు చేరతామా అని ఎదురుచూసే ఇల్లు. అర్థం తలకిందులైందని పుస్తకాల్లో రాస్తుంటారు. నాకు మాత్రం తలకిందులైనట్టు అనిపించదు. ఇద్దరూ ఒకే దూరాన్ని రెండు వైపుల నుంచి చూస్తున్నారు.

ఆ ఎదురుచూపు ఎంత కష్టమైందో ఇంకో సైనిక మాట చెబుతుంది. నాసిక్ దగ్గర దేవలాలీలో ఒక సైనిక శిబిరం ఉండేది. కొలువు గడువు తీరిన తెల్ల సిపాయిలు ఇంటికి పోయే ఓడ కోసం అక్కడ కాచుకునేవారు. ఆ ఓడలు ఏడాది పొడుగునా నడిచేవి కావు, చలికాలం అటూ ఇటూ నెలల్లోనే నడిచేవి. గడువు తప్పుడు కాలంలో తీరితే నెలల తరబడి పనీపాటా లేక ఎండలో పడి ఉండాలి. కొందరికి మతి చలించేది. దానికి సైనికులు 'దూలాలీ తాప్' అని పేరు పెట్టారు. దేవలాలీ దూలాలీ అయింది, తాప్ మన తాపమే, జ్వరమే. ఈనాటికీ ఇంగ్లీషులో మతి తప్పినవాణ్ణి దూలాలీ అంటారు. అనేవాళ్ళలో చాలామందికి అది మహారాష్ట్రలోని ఒక ఊరి పేరని తెలియదు. ఇంటికి పోలేక కలిగిన పిచ్చికి ఊరి పేరు, ఇంటికి మన మాట. రెండూ ఒకే సిపాయిల నుంచి వచ్చాయి. తేలికపాటి ఉద్యోగానికి 'కుషీ' అనడం మన ఖుష్ నుంచి, ఓ చూపు చూడటానికి 'డెకో' అనడం దేఖో నుంచి వచ్చింది కూడా ఆ బారకాసుల నుంచే.

1914 వరకు బ్లైటీ ఎక్కువగా వృత్తి సైనికుల గుంపు మాట. మొదటి ప్రపంచయుద్ధం దాన్ని దేశం మొత్తానికి పంచింది. బడిపంతుళ్ళు, గుమాస్తాలు, గని కార్మికులు లక్షల్లో సైన్యంలో చేరి ఫ్రాన్సు, బెల్జియం బురద కందకాల్లో పాత సిపాయిల పక్కన నిలబడ్డారు. ఇండియాను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా బ్లైటీ అనడం నేర్చుకున్నారు. ఇంగ్లండు అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. సన్నటి కాలువ లాంటి సముద్రం దాటితే చాలు. అయినా పైవాళ్ళు పొమ్మనందాకా పోవడానికి లేదు. 1916లో వచ్చిన ఒక పాట, తనను ప్రియమైన బ్లైటీకి తిరిగి చేర్చమని వేడుకునే పాట, నాటకశాలల్లో గాయని ఫ్లోరీ ఫోర్డ్ గొంతున మారుమోగింది. ఆ ఏడాదే సైనికులకు ఉచితంగా పంచిన హాస్యపత్రిక ఒకటి బ్లైటీ అన్న పేరుతోనే మొదలైంది.

ఆ యుద్ధంలో ఈ మాటకు ఇంకో అర్థం వచ్చి చేరింది. చెప్పాలంటే బాధగా ఉంటుంది కానీ చెప్పకుండా దాటిపోలేం. ప్రాణం పోకుండా, అవిటివాణ్ణి చేయకుండా, ఇంగ్లండు ఆసుపత్రికి పంపక తప్పని స్థితి తెచ్చే గాయాన్ని బ్లైటీ అన్నారు. గాయపడినవాణ్ణి ముందు కందకం దగ్గరి ప్రథమ చికిత్స కేంద్రానికి, అక్కణ్ణుంచి వెనక ఉన్న క్షతగాత్రుల శిబిరానికి, ఆపైన రైల్లో తీరంలోని పెద్ద ఆసుపత్రికి తరలించేవారు. ప్రతి మజిలీలోనూ డాక్టరు తేల్చేది ఒక్కటే: కట్టుకట్టి మళ్ళీ కందకానికి పంపాలా, లేక ముందుకు పంపాలా? ఒంటిమీద కట్టే చీటీలో ఇంగ్లండు అని రాస్తే ఆసుపత్రి ఓడలో సౌతాంప్టన్‌కో డోవర్‌కో చేరతాడు. తుపాకి గుండు చేతి కండలోంచి దూసుకుపోయిందని తోటివాళ్ళు అభినందించిన రోజులవి. తమను తామే కాల్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అది నేరం, సైనిక న్యాయస్థానం శిక్ష వేసేది. ఈ కోరిక ఒక్క పక్షానిది కాదు. ఎదుటి కందకంలోని జర్మన్లు అలాంటి గాయాన్ని 'హైమాట్‌షుస్' అన్నారు, పుట్టినగడ్డకు చేర్చే గుండు అని. ఫ్రెంచివాళ్ళకు అది మంచి గాయం. ముద్దుపేరులో ఉన్న బెంగ ఎంత లోతైందో చూడాలంటే ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనబడదు.

అవే కందకాల్లో మనవాళ్ళు కూడా ఉన్నారు. 1914 సెప్టెంబరు చివర నుంచి లాహోర్, మీరట్ డివిజన్ల భారత సైనికులు మార్సెయ్ రేవులో దిగారు. ఆ యుద్ధం మొత్తంలో దాదాపు 13 లక్షల మంది భారతీయులు సైనికులుగా, కూలీలుగా సముద్రాలు దాటి పనిచేశారు, 74,000 మందికి పైగా చనిపోయారు. పంజాబీ, గఢ్వాలీ సిపాయి నోట ఇంగ్లండు విలాయతే. పక్కన ఉన్న తెల్ల సిపాయి నోట అది బ్లైటీ. గాయపడిన భారత సిపాయిని కూడా చాలాసార్లు ఇంగ్లండుకే చేర్చారు. 1914 చివర నుంచి 1916 మొదటి వరకు బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్ అనే రాజభవనం భారతీయ క్షతగాత్రులకు ఆసుపత్రి అయింది. పైన మన గుమ్మటాలను పోలిన గుమ్మటాలున్న భవనం అది. మతానికో వంటిల్లు, ఉర్దూ, హిందీ, గురుముఖి లిపుల్లో బోర్డులు పెట్టారు. అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఊరి బయటి గుట్టల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో నిలిపిన 'ఛత్రి' ఇప్పటికీ ఉంది. ఒకే రకం గాయం తెల్ల సిపాయిని ఇంటికి చేర్చింది, మన సిపాయిని ఇంటికి మరింత దూరం చేసింది. బ్లైటీ చరిత్ర రాసే ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ రెండో సగం చాలాసార్లు ఉండదు. ఉండాలి.

ఇదంతా చూశాక నాకు తోచింది ఇది. సొంత దేశానికి ముద్దుపేరు అవసరమయ్యేది తనకు తోచినప్పుడు తిరిగి రాలేనివాడికి. కవులు 'మాతృభూమి' అంటారు, రాజులు 'సామ్రాజ్యం' అంటారు. సిపాయి, కూలీ, వలసజీవి వీటిలో దేన్నీ రోజూ నోటితో అనలేరు. వాళ్ళకు పొట్టి మాట కావాలి, తోటివాడికి వెంటనే తెలిసే మాట కావాలి.

ఫ్రెంచిలో 'బ్లెద్' అన్న మాట చూడండి. అరబ్బీలో దేశానికి బిలాద్ అంటారు. 1830 నుంచి అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచి సైనికులు ఆ మాటను ఎత్తుకుని, దిక్కూమొక్కూ లేని లోపలి పల్లెను బ్లెద్ అని తీసిపారేశారు. తర్వాత మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల నుంచి ఫ్రాన్సు ఫ్యాక్టరీలకు వచ్చిన కార్మికులు ఏడాదికోసారి సామాన్లు కట్టుకుని పోయే తమ దేశానికీ, తమ పల్లెకూ ఆ మాటనే వాడారు. 'ఈ వేసవికి బ్లెద్‌కు పోతున్నాం' అంటే అందులో చిన్నచూపు లేదు. అల్జీర్స్‌లో ఇల్లున్నా, కొండపల్లెలో ఇల్లున్నా అందరికీ అది బ్లెద్దే. ఇది కూడా వలసపాలన సైన్యం నుంచి వచ్చిన మాటే. కాకపోతే అక్కడ ఆక్రమించినవాడు వదిలేసిన దాన్ని మాట అసలు సొంతదారులు మళ్ళీ తీసుకున్నారు.

జమైకా నుంచి 1948 తర్వాత బ్రిటన్‌కు వలసపోయినవాళ్ళు తమ దీవిని 'యార్డ్' అంటారు. కింగ్‌స్టన్ పేటల్లో అనేక కుటుంబాలు ఒకే వాకిలి చుట్టూ అద్దెకుంటాయి, ఆ వాకిలి యార్డ్. అక్కడే వంట, అక్కడే స్నానాలు, అక్కడే తగువులు. సముద్రం దాటాక వాకిలి పేరే దేశానికి పేరయింది. ఫిలిప్పీన్స్‌వాళ్ళు పిలిపినాస్ అన్న పొడుగు పేరును కుదించి 'పినాస్' అంటారు. వాళ్ళ భాషలో నాకు బాగా నచ్చే మాట 'బయాన్'. దానికి ఊరు అనీ అర్థం ఉంది, దేశం అనీ అర్థం ఉంది. తిరిగి వచ్చినవాడు బాలిక్‌బయాన్, ఊరు చేరినవాడో దేశం చేరినవాడో విడదీసి చెప్పనక్కర లేదు.

నేను చెప్పిన ఈ లెక్కకు లొంగనిదీ ఒకటుంది. న్యూజీలాండ్, ఆస్ట్రేలియాల్లో పుట్టి అక్కడే పెరిగిన తెల్లవాళ్ళు ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ఇంగ్లండును 'ఇల్లు' అనేవారు. వాళ్ళలో చాలామంది ఆ ఇంటిని ఎన్నడూ చూడలేదు. అది అమ్మమ్మ చెప్పిన ఇల్లు. బెంగ కూడా వారసత్వంగా వస్తుందని దాన్ని బట్టి తెలుస్తుంది. అలాంటి పేరు మాత్రం ఎక్కువ కాలం నిలవదు, చెప్పినవాళ్ళతోనే పోతుంది. ఇప్పుడు అక్కడెవరూ అలా అనరు.

మరి తెలుగువాళ్ళం మన దేశాన్ని ముద్దుగా ఏమంటాం? ఇండియాకు చిట్టిపేరు మనకు లేదు. దూరదేశాలకు మాత్రం ఎన్నో పెట్టాం. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి బర్మాకు వలసపోయిన కూలీల నోట రంగూను 'రంగం' అయింది. 'రంగం పోయాడు' అంటే చాలు, ఎవరు పోయారో, ఎందుకు పోయారో ఊరందరికీ అర్థమయ్యేది. ఆ రంగంలోనే 1930 మేలో ఓడరేవు పనుల తగాదాలో తెలుగు కూలీల మీద ఘోరమైన దాడులు జరిగాయి. 1942లో జపాను సైన్యాలు ముందుకు వస్తుంటే వేలమంది అడవుల గుండా కాలినడకన ఈ వైపుకు వచ్చారు. తెలంగాణలో 'బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి' అని మూడు వలసలను ఒకే ఊపులో చెబుతారు. ఇన్ని చోట్ల నుంచి తిరిగి చేరాలనుకున్నది ఎక్కడికి? ఊరికి. దుబాయిలో ఇద్దరు కరీంనగర్‌వాళ్ళు కలిస్తే 'ఊరికెప్పుడు పోతున్నవ్ అన్నా?' అని అడుగుతారు. విమానం దిగేది దేశంలోనే, అడిగేది ఊరి గురించి. మన భాషలో దేశం చేయవలసిన పనిని ఊరు చేస్తోంది. బయాన్ అన్న మాటలో ఉన్న రెండర్థాలూ మనకు ఊరు అన్న ఒక్క మాటలో ఇముడుతున్నాయి. ఇది లోటని నేననుకోను.

విలాయత్‌కు సాటి వచ్చే మాట మాత్రం మనకు అచ్చంగా ఉంది. సీమ. సంస్కృతంలో హద్దు, హద్దుల్లో ఉన్న నేల. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి తెలుగులో ఇంగ్లండుకు అదే పేరు. సీమకు పోయి చదివాడు అనేవారు, సీమదొర అనేవారు, సీమ సరుకు అనేవారు. సీమచింత, సీమవంకాయ, సీమపందుల పేర్లలో ఆ సీమే ఉంది. సీమచింత అసలు ఇంగ్లండుదీ కాదు. మెక్సికో, మధ్య అమెరికాల చెట్టు. బయటి నుంచి వచ్చిన చాలావాటికి సీమ అని ముందు చేర్చాం, నాటుకోడి లాంటి ఇంటి సరుకు ముందు నాటు అని చేర్చాం. కన్నడిగులు కిరసనాయిలును సీమె ఎణ్ణె అంటారు. పొలాలను ఆక్రమించే ముళ్ళచెట్టును తమిళులు సీమై కరువేలం అంటారు, హిందీలో అదే విలాయతీ బబూల్. మనం దాన్ని సర్కారు తుమ్మ అన్నాం.

విలాయ లాగే సీమ కూడా మొదట ఒక ప్రాంతం, అంతే. ఆ దారిలోనే ఇంకో కొమ్మ ఇంటివైపు పెరిగింది. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన జిల్లాలను కాగితాల మీద దత్తమండలాలు అన్నారు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ పెట్టుకున్న పేరది, అక్కడ బతికే మనిషి దానిలో లేడు. ఆ పేరు అక్కడివారికి అవమానంగా తోచింది. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు సూచన మీద రాయలసీమ అన్న పేరు నిలిచింది. సభ పెట్టిన పేరు రాయలసీమ. ముందున్న రాయలను వదిలి వట్టి 'సీమ' అనుకొమ్మని ఏ సభా తీర్మానించలేదు. అది హైదరాబాదు హాస్టళ్ళలో, బెంగళూరు కట్టడాల దగ్గర, అనంతపురంవాడు కడపవాణ్ణి యాస పట్టి గుర్తుపట్టి 'నువ్వూ సీమేనా?' అని అడిగే చోట బాగా వినిపిస్తుంది. ఒకప్పుడు ఆ జిల్లాల్లోనూ సీమ అంటే దొరల దేశం. ఇప్పుడు అక్కడ ఎవరి నోటనైనా సీమ అంటే హంద్రీ, పెన్నా, చిత్రావతి పారే నేల. పాత అర్థం సీమచింత కాయల్లో మిగిలింది.